మాట తెగని పరుగు

1962 డిసెంబరు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం. ఒక ఆదివారం పొద్దున బిల్ బోవర్‌మన్ అనే అమెరికన్, తనను పిలిచిన మిత్రుడి మాట కాదనలేక, ఆ ఊరి జనంతో కలిసి పరుగుకు బయల్దేరాడు. ఆయన సామాన్యుడు కాదు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగుల కోచ్. ప్రపంచ రికార్డు పెట్టిన రిలే జట్టును తయారుచేసినవాడు. వయసు యాభై దాటినా ఒళ్లు గట్టిగానే ఉందన్న ధీమాతో ఉన్నాడు.

కొంత దూరం బాగానే సాగింది. కొండ ఎక్కుడు మొదలయ్యేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. గుంపంతా ముందుకు వెళ్లిపోయింది, కోచ్‌గారు వెనకబడ్డారు. అప్పుడు డెబ్బై దాటిన ఒక పెద్దాయన వేగం తగ్గించుకుని ఆయన పక్కకు చేరాడు. దారి పొడుగునా కబుర్లు చెబుతూ పక్కనే పరుగెత్తాడు. బోవర్‌మన్‌కు బదులు చెప్పడానికి ఊపిరి చాల్లేదు. ఆ పెద్దాయనకు అంతకు ముందే గుండెపోట్లు వచ్చాయని బోవర్‌మన్‌కు తర్వాత తెలిసింది.

బోవర్‌మన్ జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఇది. ఆరువారాల పాటు ఆక్లాండ్ జనంతో పరుగెత్తి స్వదేశానికి వెళ్లిన ఆయన, యూజీన్ అనే తన ఊళ్లో ఇరుగుపొరుగును మైదానానికి పిలిచాడు. మొదట పదుల్లో వచ్చారు, కొద్ది వారాల్లోనే వందల్లో వచ్చారు. గుండె వైద్యుడు వాల్డో హారిస్‌తో కలిసి ఆయన రాసిన ‘జాగింగ్’ పుస్తకం పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. పోటీ కోసం కాక ఆరోగ్యం కోసం మామూలు మనుషులు పరుగెత్తడమనే అలవాటు అమెరికా అంతటా పాకింది.

కానీ ఈ అధ్యాయానికి కావలసింది ఆ పెద్దాయన చేసిన పని. ముందుకు పోగల మనిషి వెనక్కి తగ్గాడు, తగ్గి మాట్లాడాడు. పరుగు సంఘాల రహస్యమంతా ఆ రెండు పనుల్లోనే ఉంది. దాని వెనక ఊపిరితిత్తుల శాస్త్రం, మెదడు రసాయనాలు, సమాజశాస్త్రం మూడూ ఉన్నాయి.

ఛాంపియన్ల ఊళ్లో మామూలు మనుషులు

బోవర్‌మన్‌ను పిలిచిన మిత్రుడు ఆర్థర్ లిడియార్డ్. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుంటూ కోచ్ అయినవాడు. ఆయన దగ్గర తర్ఫీదైన కుర్రాళ్లలో చాలామంది ఆయన ఉండే ఓవైరాకా పేటకు, ఆ చుట్టుపక్కలకు చెందినవాళ్లే. ఆదివారం వచ్చిందంటే అందరూ కలిసి వైటాకెరే కొండల్లో సుమారు 35 కిలోమీటర్లు పరుగెత్తేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ గుంపు నుంచి పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మర్రే హాల్‌బెర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజున, గంట వ్యవధిలో స్వర్ణాలు గెలిచారు. బారీ మగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు.

ఇంతటి కోచ్ ఆ తర్వాత పొట్ట పెరిగిన వ్యాపారుల మీద, గుండెపోటు నుంచి కోలుకుంటున్నవాళ్ల మీద దృష్టి పెట్టాడు. ఆ రోజుల్లో గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. అలాంటివాళ్లు కూడా నెమ్మదిగా, రోజూ, కలిసి పరుగెత్తవచ్చని లిడియార్డ్ నమ్మాడు. 1960ల మొదట్లో పుట్టిన ఆక్లాండ్ జాగర్స్ క్లబ్‌కు ఆ నమ్మకమే పునాది. తర్వాతి కాలంలో ఆక్లాండ్ మేయరైన కాలిన్ కే దాని స్థాపకుల్లో ఒకరు.

ఆ జాగర్లు పాటించిన కొలమానానికి గడియారం అక్కర్లేదు. పక్కవాడితో మాట్లాడగలుగుతుంటే వేగం సరిపోయినట్టు. మాట తెగుతుంటే తగ్గించాలి. చదువు లేనివాడికి కూడా అర్థమయ్యే ఈ సూత్రం నేటికీ ప్రయోగశాలల్లో పరీక్షకు నిలబడుతోంది.

ఊపిరి చెప్పే లెక్క

మాట్లాడటమంటే ఊపిరి వదలడమే. బయటికి పోయే గాలి గొంతులోని స్వరతంత్రులను కదిలిస్తేనే శబ్దం పుడుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తాం. మాట్లాడేటప్పుడు ఆ లయ మారిపోతుంది. గబుక్కున పీల్చి, వాక్యం పూర్తయ్యేదాకా నెమ్మదిగా వదులుతాం. నాలుగు ముక్కలు కుదురుగా చెప్పాలంటే ఆ పొడవాటి నిశ్వాసం తప్పనిసరి.

నెమ్మదిగా పరుగెత్తినంతసేపూ కండరాలు అడిగే ఆక్సిజన్‌ను గుండె, ఊపిరితిత్తులు సరిగ్గానే అందిస్తాయి. వేగం పెరిగేకొద్దీ కండరాలు గ్లూకోజును మరింత తొందరగా విరగ్గొడతాయి. అప్పుడు రక్తంలోకి ఆమ్ల గుణమున్న హైడ్రోజన్ అయాన్లు చేరతాయి. వాటిని అణచడానికి రక్తంలో సిద్ధంగా ఉండేది బైకార్బనేటు. మన వంటింటి సోడాలో ఉండేది కూడా అదే. వంటసోడా మీద నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగుతుంది చూడండి, ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. రక్తంలో నురగ రాదు గానీ జరిగే రసాయన చర్య అదే కోవది. అదనంగా పుట్టిన ఆ వాయువును బయటికి తోసేయాలి కాబట్టి మెదడు కింది భాగంలోని శ్వాసకేంద్రం ఊపిరిని ఒక్కసారిగా పెంచుతుంది. దాంతో మాటకు కావలసిన పొడవాటి నిశ్వాసం దొరకదు. వాక్యం ముక్కలవుతుంది. “ఆఁ”, “ఊఁ” మాత్రమే మిగులుతాయి.

ఊపిరి ఇలా ఎగబాకే చోటును వ్యాయామ శాస్త్రవేత్తలు శ్వాస అవధి అంటారు. మాట సాఫీగా సాగుతున్నంతసేపూ మనిషి దాదాపుగా ఆ అవధికి లోపలే ఉంటాడని అమెరికాలోని విస్కాన్సిన్‌లో కార్ల్ ఫోస్టర్, ఆయన సహచరులు చేసిన పరీక్షల్లో పదే పదే తేలింది.

ఆ అవధికి లోపల జరిగే మేలు చిన్నది కాదు. 1967లో జాన్ హాలోజీ ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి చూశాడు. కండరకణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. గుండె ఒక్కో కొట్టుడికి ఎక్కువ రక్తం పంపడం, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం, కొవ్వును ఇంధనంగా వాడుకునే నేర్పు రావడం కూడా రోజుల తరబడి చేసే నెమ్మది పరుగు ఇచ్చే ఫలాలే. ఒలింపిక్ స్థాయి రన్నర్లు సైతం తమ దూరంలో ఎక్కువ భాగం ఈ నెమ్మది వేగంలోనే పూర్తిచేస్తారు.

ఒంటికి ఎక్కువ కాలం మేలు చేసే వేగమూ, మనిషి పక్కమనిషితో మాట్లాడగలిగే వేగమూ ఒక్కటే. ఈ పొంతన లేకపోతే పరుగు సంఘాలే ఉండేవి కావు. ఆరోగ్యానికి రొప్పుతూ రోజుతూ పరుగెత్తడమే మార్గమైతే, వందమంది ఒకే రోడ్డు మీద పరుగెత్తినా ఎవరి పరుగు వారిదే అయ్యేది.

హాయి ఎక్కడి నుంచి వస్తుంది?

కొంతసేపు పరుగెత్తాక మనసు తేలికపడుతుందని రన్నర్లు చెబుతారు. దానికి కారణం ఎండార్ఫిన్లని చాలాకాలంగా వింటున్నాం. ఇవి నల్లమందు లాగే నొప్పిని తగ్గించేవి, కాకపోతే మన ఒంట్లోనే తయారవుతాయి. 2008లో జర్మనీలో హెన్నింగ్ బోకర్ బృందం పదిమంది రన్నర్ల మెదళ్లను రెండు గంటల పరుగుకు ముందూ తర్వాతా స్కాన్ చేసింది. పరుగు తర్వాత మెదడులో ఈ రసాయనాలు విడుదలైన ఆనవాళ్లు కనబడ్డాయి. ఎక్కువ హాయిగా ఉందన్నవాళ్లలో ఆనవాళ్లూ బలంగా ఉన్నాయి.

కథ అక్కడితో ముగియలేదు. 2021లో జర్మనీలోనే మరో బృందం రన్నర్లకు ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే మందు ఇచ్చి పరుగెత్తించింది. అయినా హాయి పోలేదు. ఎండోకన్నాబినాయిడ్లు అనే మరో తరగతి రసాయనాల మీదికి అనుమానం మళ్లింది. అంతకు ముందే, 2012లో డేవిడ్ రైక్లెన్ బృందం మనుషులను, కుక్కలను, ఫెరెట్లనే ముంగిసలాంటి జంతువులను పరుగెత్తించి రక్తం పరీక్షించింది. మనుషుల్లో, కుక్కల్లో ఈ రసాయనం పెరిగింది. ఫెరెట్లలో పెరగలేదు. మొదటి రెండూ దూరం పరుగెత్తేందుకు తగ్గ జంతువులు, మూడోది కాదు.

మనిషి శరీరం దూరపు పరుగుకు తగ్గట్టుగా మలచబడిందని 2004లో డెనిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ వాదించారు. మడమ దగ్గరి పొడవాటి స్నాయువు స్ప్రింగులా పనిచేస్తుంది. తల ఊగిపోకుండా మెడ వెనక ఒక బంధనం పట్టి ఉంచుతుంది. లక్షలాది స్వేద గ్రంథులు ఒంటిని చల్లబరుస్తాయి. మన పూర్వీకులు వేటజంతువును ఎండలో గంటల తరబడి తరిమి అలసిపోయేలా చేసేవారన్నది వాళ్ల ఊహ. దీనిమీద ఇంకా వాదోపవాదాలు ఉన్నాయి. నిజమే అయితే, ఆ పరుగు ఒంటరిగా చేసేది కాదు. అడుగుజాడ చదివేవాడు ఒకడు, దారి కాసేవాడు ఒకడు, చివరికి మాంసాన్ని పంచుకునేవాళ్లు అందరూ ఉండాలి.

కలిసి వేసే అడుగు

కోతులు ఒకదానికొకటి పేలు చూసుకోవడం మనం చూస్తూనే ఉంటాం. శుభ్రత కోసమే అయితే అంతసేపు అక్కర్లేదు. కొన్ని జాతుల కోతులు పగటి సమయంలో ఐదో వంతు దాకా ఇందుకు వెచ్చిస్తాయి. ఆ స్పర్శ వల్ల ఎండార్ఫిన్లు ఊరతాయి, వాటితో స్నేహం గట్టిపడుతుంది. కానీ ఒక కోతి ఒకసారి ఒక కోతికే పేలు చూడగలదు. మనుషుల గుంపులు పెద్దవయ్యాక ఇంకో దారి కావలసి వచ్చిందనీ, కలిసి నవ్వడం, కలిసి పాడడం, కలిసి ఆడడం ఆ దారులనీ ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్బర్ అంటాడు. ఇందులో ఒకేసారి పదిమందితో బంధం కుదురుతుంది.

ఈ ఊహను పరీక్షించడానికి ఎమ్మా కోహెన్, డన్బర్, వారి సహచరులు ఆక్స్‌ఫర్డ్ పడవ జట్టులోని పన్నెండుమందిని తీసుకున్నారు. వ్యాయామశాలలోని తెడ్డు యంత్రాల మీద 45 నిమిషాలు ఒకసారి ఒంటరిగా, మరోసారి ఆరుగురి జట్టుగా లయ కలిపి తెడ్లు వేయించారు. తర్వాత చేతికి బీపీ పట్టీ కట్టి ఉబ్బిస్తూ, ఎక్కడ ఓర్చుకోలేకపోతారో చూశారు. ఎండార్ఫిన్లను నేరుగా కొలవడం కష్టం కాబట్టి ఇది పరోక్ష కొలత. రెండుసార్లూ పడిన శ్రమ ఒక్కటే. అయినా నొప్పిని ఓర్చుకునే శక్తిలో వచ్చిన పెరుగుదల, ఒంటరిగా చేసిన రోజుకన్నా కలిసి తెడ్లు వేసిన రోజు దాదాపు రెట్టింపు ఉంది. పన్నెండుమంది చిన్న సంఖ్యే. కానీ ఫలితం మాత్రం నాట్లు వేసేటప్పుడు, బరువులు లాగేటప్పుడు పాట ఎత్తుకునే మన పల్లెజనానికి కొత్త కాదు. పాటతో పని తేలికవుతుందన్నది వాళ్లకు అనుభవంలో ఉన్న సత్యం.

2009లో అమెరికాలో స్కాట్ విల్టర్మత్, చిప్ హీత్ చేసిన ప్రయోగం మరీ సులువైనది. కొందరు విద్యార్థులను అడుగులో అడుగు కలిపి నడిపించారు, కొందరిని మామూలుగా నడవమన్నారు. తర్వాత ఒకరి మీద ఒకరు నమ్మకముంచితే తప్ప గెలవలేని ఆట ఆడించారు. అడుగు కలిపినవాళ్లు ఒకరికొకరు ఎక్కువ సహకరించుకున్నారు.

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ఒక గుంపు పక్కన నిలబడి చెవి ఒగ్గండి. మొదటి కిలోమీటరులో బూట్ల చప్పుడు చెదురుమదురుగా ఉంటుంది. రెండు మూడు కిలోమీటర్లు దాటాక ఎవరూ చెప్పకుండానే పక్కపక్కన ఉన్నవాళ్ల అడుగులు ఒక లయకు వస్తుంటాయి. ఆ లయ మీదే మాటలు నడుస్తుంటాయి.

నెమ్మదివాళ్ల బలం

కలిసి చేస్తే బలహీనులకు మేలని మనం అనుకుంటాం. దీనికి వందేళ్ల కిందటి రుజువు ఉంది, అదీ ఒక క్లబ్బులోనే. 1920లలో ఒట్టో కోలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బెర్లిన్ పడవ క్లబ్బు సభ్యులతో బరువులు ఎత్తించాడు. ఒంటరిగా ఎత్తినప్పటికన్నా జంటగా ఎత్తినప్పుడు బలం తక్కువ ఉన్నవాడు ఎక్కువసేపు నిలబడ్డాడు. తాను వదిలేస్తే పక్కవాడి శ్రమ కూడా వృథా అవుతుందన్న భావనే అతణ్ని నిలబెట్టింది. ఇద్దరి బలాల మధ్య తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడు ఈ ఫలితం బాగా కనబడింది. మరీ ఎక్కువుంటే బలహీనుడు ఆశ వదులుకుంటాడు. అందుకే అనుభవమున్న క్లబ్బులు కొత్తవాళ్లను వేగం ప్రకారం చిన్న గుంపులుగా విడదీస్తాయి. మారథాన్లలో వేగాన్ని నిలబెట్టే ‘పేసర్’ జెండా పట్టుకుని నిలకడగా సాగుతుంటే, ఆ వెనక నడిచే గుంపును మన రన్నర్లు ‘బస్సు’ అంటారు. బస్సు ఎక్కినవాడు దారిలో దిగకుండా చూసుకోవడం బస్సంతటి బాధ్యత.

ఊహించని విషయం 2017లో బయటపడింది. సినాన్ అరాల్, క్రిస్టోస్ నికొలైడిస్ అనే పరిశోధకులు సుమారు 11 లక్షలమంది రన్నర్ల పరుగు లెక్కలను ఐదేళ్ల పాటు పరిశీలించారు. స్నేహితులు ఒకరిని చూసి ఒకరు పరుగెత్తుతారా, లేక పరుగంటే ఇష్టమున్నవాళ్లే స్నేహితులవుతారా? దీన్ని తేల్చడానికి వాళ్లు వానను వాడుకున్నారు. మీ ఊళ్లో ఎండ, మీ స్నేహితుడి ఊళ్లో వాన. వాన వల్ల అతను పరుగు మానేశాడు. ఆ రోజు మీ పరుగు కూడా తగ్గితే, అది అతని ప్రభావమే తప్ప మీ ఊరి వాతావరణం కాదు. ఈ లెక్కన స్నేహితుడు ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెత్తితే మనం ఆ రోజే మరో 0.3 కిలోమీటరు ఎక్కువ పరుగెత్తుతామని తేలింది. అంతకన్నా ఆసక్తికరమైనది ఇంకొకటి. తక్కువ పరుగెత్తేవాళ్ల ప్రభావం ఎక్కువ పరుగెత్తేవాళ్ల మీద బలంగా ఉంది. వెనకవాడు దగ్గరికొస్తుంటే ముందువాడికి ఊపు వస్తుంది.

కాబట్టి నెమ్మదిగా పరుగెత్తేవాళ్లను క్లబ్బుకు భారమనుకోవడం పొరపాటు. వాళ్లు లేని క్లబ్బులో వేగమైనవాళ్ల ఊపు కూడా తగ్గవచ్చు.

ముఖపరిచయాల ఊరు

2004 అక్టోబరు 2న లండన్ పరిసరాల్లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూవిట్ అనే ఆయన ఐదు కిలోమీటర్ల ఉచిత పరుగు ఏర్పాటు చేశాడు. గాయం వల్ల ఆయన పరుగెత్తలేని స్థితిలో ఉన్నాడు. స్నేహితులకు దూరం కాకుండా ఉండటానికి వాళ్ల సమయం తాను రాసిపెడతానన్నాడు. మొదటి వారం పదముగ్గురు పరుగెత్తారు. అదే ‘పార్క్‌రన్’. ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో, రెండువేలకు పైగా చోట్ల వారం వారం జరుగుతోంది. నడిపేవాళ్లంతా స్వచ్ఛంద సేవకులే. వాళ్లలో ఒకరి పని అందరికన్నా వెనక నడవడం, గీత చివరగా దాటడం. దానివల్ల వచ్చినవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు. ఆక్లాండ్ పెద్దాయన మనసుకు తోచి చేసిన పనిని ఇక్కడ ఒక పదవిగా మార్చారు.

ఇలాంటి చోట కలిగేవి ప్రాణస్నేహాలు కానక్కర్లేదు. 1973లో సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ముఖపరిచయాల విలువను ఎత్తి చూపాడు. కొత్త ఉద్యోగాల కబురు ఆప్తమిత్రుల కంటే ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తుల ద్వారా ఎక్కువగా వస్తుందని ఆయన పరిశీలన. ఆప్తులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. పరిచయస్తుడు వేరే లోకం నుంచి వస్తాడు. పరుగు క్లబ్బులో బ్యాంకు మేనేజరు, ఫిజియోథెరపీ చదివే అమ్మాయి, కిరాణా కొట్టాయన, రిటైరైన మాస్టారు ఒకే వేగంలో పక్కపక్కన చేరతారు. ఒకే టీషర్టు, ఒకే చెమట. పరుగులో ఎదురెదురుగా కూర్చోరు, ఒకే దిక్కు చూస్తూ సాగుతారు. ముఖాముఖి నోరు పెగలని మాటలు అలా పక్కపక్కన నడిచేటప్పుడు తేలిగ్గా బయటికొస్తాయి.

మనుషుల మధ్య ఉండటం ప్రాణానికే రక్ష అనడానికి ఆధారాలున్నాయి. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, వాటిలోని 3,08,849 మంది వివరాలను కలిపి చూసింది. సామాజిక బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు అధ్యయనం ముగిసేదాకా బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా తేలింది. కోపెన్‌హాగన్‌లో ఎనిమిదివేల ఐదువందలకు పైగా జనాన్ని 25 ఏళ్ల దాకా గమనించిన అధ్యయనంలో, వ్యాయామం లేనివాళ్లకన్నా జాగింగ్ చేసేవాళ్లు 3.2 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు 6.2 ఏళ్లు, టెన్నిస్ ఆడేవాళ్లు 9.7 ఏళ్లు ఎక్కువ బతికినట్టు లెక్క వచ్చింది. తోడు ఉంటే తప్ప సాగని ఆటలు పైన నిలిచాయి. టెన్నిస్ ఆడేవాళ్లకు డబ్బు, తీరిక కూడా ఎక్కువే ఉండవచ్చు కాబట్టి దీన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు. కానీ ఒక సూచన మాత్రం ఉంది. ఒంటరి పరుగుకు లేని తోడును క్లబ్బు ఇస్తుంది.

మన రోడ్ల మీద

హైదరాబాద్‌లో 2007లో మొదలైన ‘హైదరాబాద్ రన్నర్స్’ నేడు నగరంలో పేటపేటనా పరుగు గుంపులను నడుపుతోంది. ఆగస్టులో జరిగే నగర మారథాన్ హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదలై ఫ్లైఓవర్ల మీదుగా గచ్చిబౌలి స్టేడియం చేరుతుంది. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగానికొచ్చి, అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్ల పేరు కూడా తెలియని వాళ్లకు, పరుగయ్యాక ఇడ్లీ బండి దగ్గర నిలబడిన ఆ అరగంటే ఊరంటే ఏమిటో తెలిపేది. ఒక మనిషి రెండు వారాలు కనబడకపోతే “ఏమైంది, ఒంట్లో బాగాలేదా?” అని ఫోన్ చేసేవాళ్లు ఉండటమే ఊరు.

అయితే తెలుగునేల మీద పరుగు గుంపులు ఖరీదైన బూట్లతో పుట్టలేదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మండల కేంద్రాల్లో, హైస్కూలు గ్రౌండ్లలో, ఊరి బయటి తారు రోడ్ల మీద చీకటితోనే కుర్రాళ్లు, అమ్మాయిలు ‘ఈవెంట్స్’ కోసం పరుగెత్తుతుంటారు. ఆ పరుగు పరీక్ష వాళ్ల బతుకులో పెద్ద గడప. ఒకడి దగ్గర స్టాప్‌వాచ్ ఉంటుంది, ఇంకొకడు నిరుడు అందులో తప్పిన అనుభవంతో సలహా చెబుతాడు. ఒకే ఉద్యోగానికి పోటీపడుతున్నవాళ్లు ఒకరికొకరు కోచ్‌లవుతారు. వీళ్లకు ఏ క్లబ్బు పేరూ లేదు. పరుగు సంఘం అనదగ్గవాళ్లలో నేను మొదట లెక్కపెట్టేది వీళ్లనే.

ఇక రానివాళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. తెల్లవారుజాము ఐదింటికి రోడ్డు మీద కనబడనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ వేళకు ఇంట్లో పొయ్యి వెలగాలి, పిల్లల డబ్బాలు సర్దాలి. వీధి దీపం లేని దారిలో ఒంటరిగా వెళ్లాలంటే భయం ఉంటుంది. గుంపు ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గాలంటే దీపాలు, నడిచే బాటలు కావాలి, ఇంట్లో పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడాలి. క్లబ్బులకు వచ్చేవాళ్లు ముందే ఓపికా, తీరికా ఉన్నవాళ్లు కావడం వల్ల కూడా అధ్యయనాల్లో ఫలితాలు మెరుగ్గా కనిపించవచ్చు. మేలు నిజంగా అందరికీ అందాలంటే గుంపు రానివాళ్ల దగ్గరికి వెళ్లాలి.

అలా వచ్చి చేరినవాళ్లను నిలబెట్టుకోవడానికి లిడియార్డ్ కాలం నాటి ఆ పాత పరీక్షే పనికొస్తుంది. మీరు పరుగెత్తుతూ ఒక వాక్యం మొదటి నుంచి చివరి దాకా చెప్పి చూడండి. మధ్యలో ఊపిరి అందకపోతే వేగం తగ్గించండి. తర్వాత పక్కవాళ్లను ఏదైనా అడిగి, జవాబు ఎలా వస్తుందో వినండి. ఊపిరి అందనిది వాళ్లకైనా తగ్గాల్సింది మీరే. మొదటి పరీక్ష మీ గుండె కోసం. రెండోది, కొండ ఎక్కుడు మధ్యలో వెనక్కి తగ్గిన ఆక్లాండ్ పెద్దాయన మనకు నేర్పిపోయింది.